కృష్ణా భీమానదుల నడుమ: మెడోస్ టైలరు దొర జీవితము

రాజులు కట్టించిన కోటలను, ప్రభువులు నిలిపిన గోపురములను చూచుటకు మనవారు దూరదేశములనుండి పోవుదురు. కాని తమ చేనిగట్టుననే శతాబ్దములుగా నిలిచియున్న రాళ్లగుంపును గూర్చి అడిగినచో, అది రాకాసిగుడి యనియో, పాండవులు కాపురమున్న చోటనియో చెప్పి యూరకుందురు. ఆ రాళ్లక్రింద నున్నది మన పూర్వుల శ్మశానమను సంగతి వారిలో అనేకుల కెఱుకలేదు. దక్కను పీఠభూమిలో ఈ సంగతిని మొట్టమొదట కొలతవేసి, పటము గీసి, లోకమునకు తెలిపినవారిలో అగ్రగణ్యుడు ఒక విదేశీయుడు. ఆయన పేరు ఫిలిప్ మెడోస్ టైలరు. ఆయన మృతినొంది నూటయేబది సంవత్సరములు కావచ్చినది. ఆయన జీవితమున మెచ్చదగినదియు, మనలను నొప్పించునదియు కలిసియున్నవి. రెంటిని విడదీయక చెప్పుటయే న్యాయమని మేము తలచుచున్నాము.

కృష్ణానదికిని దాని యుపనదియగు భీమకును నడుమనున్న నల్లరేగడి సీమ చరిత్రకు పుట్టినిల్లు. పడమట విజాపురము, భీమకు ఆవలియొడ్డున గుల్బర్గా, కృష్ణకు సమీపమున కొండలనడుమ సురపురము. ఇంగ్లీషువారు ఈ సురపురమును షోరాపూరనిరి. విజాపురములో మహమ్మదు ఆదిల్‌షా సమాధియగు గోల్‌గుంబజు, గుల్బర్గాలో బహమనీ సుల్తానుల గోరీలు, 1422లో పరమపదించిన ఖ్వాజా బందే నవాజు దర్గా, వీనియన్నిటికంటె వందలయేండ్లు పాతవైన పేరులేని రాతిసమాధులు, అన్నియు ఈ రెండు నదుల పరిసరములందే యున్నవి. ఇన్ని కాలముల మృతులు ఇంత దగ్గరగా నిద్రించు నేల మఱియొకటి దక్కనులో అరుదు. టైలరు తన జీవితములోని మంచికాలమును గడపినది ఈ నేలమీదనే.

ఆయన 1808 సెప్టెంబరు 25వ తేదీన లివర్‌పూలు పట్టణమున జన్మించెను. తండ్రి వర్తకుడు. వ్యాపారము దెబ్బతినుటచే కుమారుని చదువు సగములో ఆగిపోయెను. 1824లో, పదునైదేండ్ల ప్రాయమున, బొంబాయిలోని ఒక వర్తకునికడ పనిచేయుటకు ఓడనెక్కి వచ్చెను. వచ్చి చూడగా ఆ వర్తకుని స్థితి చెప్పినంత బాగుగా లేదు. బంధువొకని సహాయమున, ఆ సంవత్సరమే, నిజాము ప్రభువు సైన్యములో చిన్న యుద్యోగము దొరికెను. ఇట్లు ఆయన కుంఫిణీవారి నేరుకొలువులో చేరక హైదరాబాదు సంస్థానపు సేవకుడయ్యెను. ఈ భేదము ఆయన జీవితమంతటిని నిర్ణయించినది. కుంఫిణీ ఉద్యోగులకు గల హోదాయు, పైపదవులును ఆయనకు లభింపలేదు. వానికి బదులుగా దేశభాషలు, దేశప్రజల సహవాసము లభించెను.

పాఠశాలలో పొందలేని విద్యను ఆయన తానుగా సంపాదించెను. మరాఠీ, హిందుస్తానీ, పారసీ నేర్చెను. భూమికొలత, న్యాయశాస్త్రము, భూగర్భశాస్త్రము, చిత్రలేఖనము, కట్టడపుపని మొదలగునవి గురువులేకయే అలవరచుకొనెను. 1832లో హైదరాబాదులో ప్రసిద్ధికెక్కిన సాహుకారు విలియం పామరు కుమార్తెయగు మేరీని వివాహమాడెను. పామరు తల్లి హిందూదేశపు ముసల్మాను స్త్రీ. కావున టైలరు సంసారము కూడ ఈ దేశముతో రక్తసంబంధము గలదే. 1844లో భార్య మరణించెను. ఆయన మరల వివాహమాడలేదు.

రచయితగా ఆయన పేరు మొదట పశ్చిమమున మ్రోగినది దేశమునకు కీర్తి తెచ్చు విషయముచేత కాదు. 1839లో ఇంగ్లండులో ప్రకటితమైన థగ్గుల నవల ఆయనకు గొప్ప ఖ్యాతిని తెచ్చెను. బాటసారులను ఉరిబిగించి దోచు ముఠాలను గూర్చిన ఆ పుస్తకము, హిందూదేశమనిన నేరముల పుట్టయను తలపును విదేశములలో నాటుటకు తోడ్పడినది. థగ్గులను గూర్చి నాటి సర్కారువారు అల్లిన కథలో ఎంత నిజము, ఎంత యతిశయోక్తి యని నేటి చరిత్రకారులు అనుమానించుచున్నారు. 1840లో టిప్పుసుల్తానును గూర్చి ఇంకొక నవల వచ్చెను. ఆ యేటినుండి 1853వఱకు ఆయన లండను టైమ్సు పత్రికకు ఇక్కడి విలేఖరిగా కూడ నుండెను.

1841లో ఆయనను సురపురమునకు పంపిరి. అది బేడనాయకుల సంస్థానము. బేడరులనగా మన బోయవారే. ఈ వంశమువారి పౌరుషమునకు ఔరంగజేబు చక్రవర్తియే సాక్షి. 1705లో ఆ వృద్ధచక్రవర్తి స్వయముగా వచ్చి సురపురమునకు సమీపముననున్న వాగిణగెర దుర్గమును ముట్టడించెను. అది ఆయన చేసిన కడపటి ముట్టడి. దుర్గము పడినది కాని నాయకుడు చేజిక్కలేదు. అట్టి వంశము 1841 నాటికి అప్పులలో మునిగి, అంతఃకలహములచే చీలి, నిజామునకును కుంఫిణీకిని నడుమ నలిగియుండెను. 1842లో రాజా కృష్ణప్పనాయకుడు మరణించెను. కుమారుడు వెంకటప్పనాయకుడు పసివాడు. రాణి ఈశ్వరమ్మకును టైలరునకును పొసగలేదు. అయినను పండ్రెండేండ్లపాటు ఆ సంస్థానపు నిర్వహణము ఆయన చేతనే యుండెను. భూములు కొలిపించెను, పన్నులకు క్రమమేర్పరచెను, బాటలు వేయించెను. బోనాళ చెరువు నాయకుల కాలమునాటిది. దానిని ఆయన బాగుచేయించెను. నేడది పక్షులకు ఆశ్రయముగా కాపాడబడుచున్నది. సురపురపు కొండమీద ఆయన కట్టించుకొన్న యిల్లు టైలరు మంజిలు అను పేర ఇప్పటికిని నిలిచియున్నది.

ఈ పండ్రెండేండ్లలోనే ఆయన దృష్టి రాళ్లమీదికి మరలినది. సంస్థానములో గుఱ్ఱమెక్కి తిరుగునపుడు రాజన్‌కొల్లూరు, హగరటగి గ్రామములచెంత పెద్దపెద్ద బండపలకలతో కట్టిన పెట్టెలవంటి కట్టడములను చూచెను. మూడువైపుల పలకలు నిలిపి, నాలుగవ పలకను పైకప్పుగా నుంచిన వికొన్ని. నాలుగువైపులను మూసి, ఒక పలకలో గుండ్రని రంధ్రము తొలిచిన వికొన్ని. వీనిని మోరియరు అను పొట్టిజనులు కాపురమునకు కట్టుకొన్న ఇండ్లని అక్కడి కన్నడ ప్రజలు చెప్పుకొనుచుండిరి. అవి ఇండ్లు కావనియు, మృతులకొఱకు కట్టినవనియు టైలరు గ్రహించెను. భీమాతీరమునకు దగ్గరనున్న జేవర్గివద్ద భూమిపై రాళ్లవలయములు, రాళ్లకుప్పలు అనేకముగ నుండెను. షాపురము సమీపమున విభూతిహళ్లివద్ద బండరాళ్లు చదరంగపు గళ్లవలె వరుసలు తీర్చి పెట్టబడియుండెను.

జేవర్గివద్ద ఆయన త్రవ్వకము సాగించిన తీరు మెచ్చదగినది. నాటి త్రవ్వకములు అధికభాగము నిధులవేటలు. కుండ దొరికినచో తీసికొని, ఎముకలను పాఱవైచి పోవుట వాడుక. టైలరు అట్లు చేయలేదు. పైనున్న రాళ్లవలయమును కొలిచెను. గుంట లోతును కొలిచెను. ఏ పొరలో మట్టి, ఏ పొరలో రాళ్లు, ఏ మూల కుండలు, ఎచ్చట అస్థిపంజరము, ఎచ్చట ఇనుప ఆయుధము అని గుర్తువేసి, భూమిని నిలువున కోసి చూపినట్లు పటము గీసెను. ఒక శతాబ్దము తరువాత మన పురావస్తుశాఖకు అధిపతియైన మార్టిమరు వీలరు ఆ పటములను చూచి, నాటి కాలమునకు అవి అసాధారణమైనవని మెచ్చుకొనెను. ఆ వీలరే 1947లో చిత్రదుర్గపుసీమలోని బ్రహ్మగిరివద్ద ఇట్టి సమాధులను త్రవ్వి, వీని కాలక్రమమును నిర్ణయించు పనికి పూనుకొనెను.

టైలరు కన్నులు నిజమును చూచినవి. ఆయన బుద్ధి మాత్రము తన కాలపు సంకెళ్లను త్రెంచుకొనలేకపోయెను. ఐరోపాలో, ముఖ్యముగా ఐర్లండులో, ఇట్టి రాతిసమాధులే యున్నవి. కావున దక్కనులోనివి కూడ సిథియనులో, కెల్టులో, పశ్చిమమునుండి వలసవచ్చిన యేదో జాతివారో కట్టినవని ఆయన వాదించెను. కొన్ని సమాధులలో తల మొండెమునుండి వేరుగా నుండుట చూచి, అది నరబలియని ఊహించెను. 1853లో బొంబాయి విద్వత్సభవారి పత్రికలోను, తరువాత రాయల్ ఐరిష్ అకాడమీలోను ప్రకటించిన వ్యాసములందు ఈ యభిప్రాయము కనబడును. గొప్పది ఏది కనబడినను అది పరదేశమునుండి వచ్చినదే కావలెనను ఈ తలపు ఆయనయొక్కనిదే కాదు. నాటి పాలకజాతివారిలో పెక్కుమంది చరిత్రదృష్టియే యది.

నేటి విద్వాంసులకు ఈ వాదము ఆమోదము కాదు. కొన్ని కుండలను లోపల నలుపు, వెలుపల ఎఱుపు వచ్చునట్లు కాల్చు నేర్పు, ఇనుమును కరగించి కత్తి, బల్లెము, గొడ్డలి చేయు నేర్పు ఈ సమాధులు కట్టినవారికి గలవు. వీరు దక్షిణదేశపు ఇనుపయుగపు జనులు. వీనిలో అధికభాగము క్రీస్తుపూర్వపు చివరి వేయి సంవత్సరములకు చెందినవి. కొన్ని అంతకంటె పాతవి. రాతిగొడ్డలితో పశువులను కాచి బ్రతికిన వెనుకటి దక్కను జనుల సంప్రదాయమునకును, తరువాతి శాతవాహనుల కాలపు నాగరకతకును నడుమ వీరు వంతెనవంటివారు. టైలరు పరదేశీయులకు కట్టబెట్టిన శ్మశానము మన యింటిదే యని ఇట్లు తేలినది. కాని తేల్చుటకు పనికివచ్చిన సాధనములలో ఆయన గీసిన పటములును ఉన్నవని మఱచుట కృతఘ్నత యగును.

1853లో వెంకటప్పనాయకునికి యుక్తవయస్సు వచ్చుటచే సంస్థానము ఆయనకు అప్పగింపబడెను. ఆ యేటి ఒడంబడికచే కుంఫిణీవారు నిజామునుండి బేరారును, మఱికొన్ని జిల్లాలను చేజిక్కించుకొనిరి. వానిలో నొకటియగు నల్‌దుర్గమునకు టైలరును అధికారిగా నియమించిరి. బోరీనది యొడ్డున, నీటికట్టతో కూడిన మహలుగల ఆ కోటలో ఆయన కొన్ని యేండ్లు గడపెను. తరువాతి కాలమున వ్రాసిన తార యను నవలకు సమీపమునందలి తుల్జాపురము రంగస్థలమయ్యెను. 1857లో ఉత్తరదేశమున స్వాతంత్ర్యాగ్ని రగుల్కొనగా ఆయనను బేరారునకు పంపిరి. అచ్చట సైన్యబలము లేకయే ప్రజలను శాంతముగ నుంచెనని ఆయనను ఇంగ్లీషువారు కొనియాడుదురు. ప్రజలకు ఆయనయెడ విశ్వాసమున్న మాట నిజమే. ఆ విశ్వాసము పరరాజ్యమును నిలుపుటకు వినియోగపడిన మాటయు అంతే నిజము.

ఇక ఆయన జీవితమునందలి విషాదఘట్టము. పసితనమునుండి టైలరు పర్యవేక్షణలో పెరిగి, ఆయనను కన్నడమున అప్పా యని పిలుచుటకు అలవాటుపడిన వెంకటప్పనాయకుడు 1858 ఫిబ్రవరిలో ఇంగ్లీషువారిపై తిరుగుబాటు చేసెను. సురపురమువద్ద పోరాటము జరిగెను. ఇంగ్లీషు అధికారియొకడు చంపబడెను. కాని పెద్ద సైన్యములు చుట్టుముట్టగా నాయకుడు హైదరాబాదునకు పోయి, అచ్చట సాలార్‌జంగు మంత్రి మనుష్యులచే పట్టుబడి, రెసిడెంటునకు అప్పగింపబడెను. చెరసాలలో టైలరు ఆయనను చూడబోయెను. తనను ప్రేరేపించినవారి పేళ్లు చెప్పినయెడల క్షమ దొరకవచ్చునని ఆశ చూపబడెను. యువకుడు ఇతరులను పట్టియిచ్చి తన ప్రాణము దక్కించుకొనుటకు ఒప్పుకొనలేదు. మరణశిక్ష పడెను; అది తగ్గి ద్వీపాంతరవాసమాయెను; గవర్నరుజనరలు దానిని ఇంకను తగ్గించి చెంగల్పట్టున నాలుగేండ్ల నిర్బంధముగా మార్చెను. ఆ దారిలో, ఆ సంవత్సరము మే నెలలో, విడిదిచోట తుపాకిగుండుకు వెంకటప్పనాయకుడు మరణించెను. తానే కాల్చుకొనెనని సర్కారువారి వ్రాత. అప్పటికి ఆయనకు ఇరువదినాలుగేండ్లైనను దాటలేదు.

టైలరు ఈ మరణమునకు దుఃఖించెను. తన ఆత్మచరిత్రములో దీనికి ఎంతో చోటిచ్చెను. ఆ దుఃఖము బూటకమని మేము అనము. కాని తిరుగుబాటు తరువాత సురపురమును మరల స్వాధీనపరచుకొని పాలించుటకు పంపబడినవాడును టైలరే. పెంచిన చేయియే వంశపు తుదిపుటను త్రిప్పినది. 1860లో ఆ సంస్థానము, 1857లో ఇంగ్లీషువారికి తోడ్పడినందులకు బహుమానముగా, నిజామునకు ఈయబడెను. అంతటితో ఆ నాయకుల ప్రభుత్వము అంతరించినది. మృతుల యెముకలను అంత జాగ్రత్తతో కొలిచినవాడు, కన్నులయెదుట సజీవముగ నున్న ఒక జాతి స్వేచ్ఛను కొలుచుటకు తగిన కొలబద్దను తనవారినడుమ సంపాదించుకొనలేకపోయెను. మంచిమనస్సొక్కటియే పరపాలనను న్యాయమైనదిగా చేయలేదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

ఆరోగ్యము చెడి 1860లో టైలరు స్వదేశమునకు మరలి, డబ్లిను సమీపమున స్థిరపడెను. అచ్చటనుండి మూడు నవలలను ఒక వరుసగా వ్రాసెను. 1657, 1757, 1857 సంవత్సరములను, అనగా శివాజీ విజృంభణమును, ప్లాసీయుద్ధమును, సిపాయిల యుద్ధమును ఆధారముగా గొని వ్రాసిన తార, రాల్ఫ్ డార్నెల్, సీత అనునవి యివి. 1866లో విజాపురపు కట్టడములను, ధార్వాడ మైసూరు దేవాలయములను గూర్చి ఛాయాచిత్రములతో గొప్ప సంపుటములు వెలువడెను. వానికి చరిత్రభాగమును వ్రాసినవాడు టైలరు. విజాపురపు సంపుటమునకు శిల్పవివరణము జేమ్సు ఫెర్గూసనుది. గోల్‌గుంబజును, ఇబ్రహీము రోజాను ఐరోపావారు ప్రథమమున ఛాయాచిత్రములలో చూచుటకు ఇట్టి సంపుటములే కారణము. 1870లో విద్యార్థులకొఱకు హిందూదేశచరిత్రము వ్రాసెను. సాలార్‌జంగు ఆహ్వానముపై 1875లో మరల హైదరాబాదునకు వచ్చెను. కాని దేహము సహింపలేదు. తిరిగిపోవుచు 1876 మే 13వ తేదీన ఫ్రాన్సు దక్షిణతీరమున మెంటను పట్టణమున మరణించెను. ఆత్మచరిత్రము మఱుసటి యేట ప్రకటితమయ్యెను. దక్కను సమాధులను వెదకి వెదకి వ్రాసినవాని సమాధి దక్కనులో లేదు.

ఆయన వ్యాసములను చేర్చి హైదరాబాదు సంస్థానపు పురావస్తుశాఖవారు 1941లో పునర్ముద్రించిరి. 1948లో ఆ సంస్థానము భారతదేశమున లీనమయ్యెను. 1956లో సురపురము కర్ణాటకమునకు చేరినది. 2009నుండి యాదగిరి జిల్లాలో నున్నది. భీమాతీరముననే సన్నతియందు 1986లో ఒక దేవాలయపు కప్పు కూలగా, విగ్రహపీఠముగా వాడబడుచుండిన రాతిపై అశోకుని శాసనము బయటపడినది. చెంతనే కనగనహళ్లిలో అమరావతి శిల్పమునకు తోబుట్టువనదగిన స్తూపము 1990లలో త్రవ్వబడెను. టైలరు ఈ చోట్లకు దాపుననే సంవత్సరములు గడపియు వీనిని ఎఱుగడు. ఆ నేల తన సంపదను ఇంకను పూర్తిగా వెల్లడింపలేదనుటకు ఇదియే సాక్ష్యము.

ఇందు తెలుగువారికి సంబంధించినది లేదని తలంపరాదు. భీమను కలుపుకొని కృష్ణ తెలంగాణములో ప్రవేశించు ప్రాంతముననే, నారాయణపేట జిల్లా ముడుమాల గ్రామమున, మనిషికి రెండింతల యెత్తుగల నిలువురాళ్లు నేటికిని నిలిచియున్నవి. 2025లో అవి ఐక్యరాజ్యసమితివారి ప్రపంచ వారసత్వస్థలముల తాత్కాలిక పట్టికలో చేర్చబడెను. ఇంకను దిగువకు పోయినచో నాగార్జునకొండ లోయ. ఆనకట్టకు ముందు 1954 మొదలు 1960వఱకు జరిగిన త్రవ్వకములలో బౌద్ధవిహారములతోపాటు ఇట్టి రాతిసమాధులును దొరికినవి. ఆ లోయ జలాశయమున మునిగినది. పొలములకు నీరు కావలెను. అది తప్పని సంగతి. కాని మునుగుటకు ముందు కొలిచి వ్రాసికొన్నందుననే ఆ లోయ చరిత్ర మిగిలినది.

మునిగినదానికంటె మనము చేజేతులా పోగొట్టుకొనునది అధికము. 1958నాటి చట్టము కేంద్రప్రభుత్వము ప్రకటించిన స్మారకములను కాపాడును. రాష్ట్రములకును తమ చట్టములు గలవు. కాని పట్టికలో చేరని సమాధులు లెక్కకు మిక్కిలి. వానిలో పెక్కు పట్టాభూములందే యున్నవి. అడ్డుగా నున్నదని నాగలికి ముందు వలయమును పెకలించుట, గోడకు పనికివచ్చునని పలకను పగులగొట్టుట, కంకరకొఱకు బండను అమ్ముట, బంగారమున్నదను భ్రమతో రాత్రివేళ త్రవ్వుట, ఇవి ఏ విదేశీయుడును చేయుచున్న పనులు కావు. ఆ సమాధులలో బంగారపురాశులు లేవు. మట్టికుండలు, ఇనుపముక్కలు, ఎముకలు ఉన్నవి. వాని విలువ అవి యున్నచోట ఉన్నట్లుండుటలోనే కలదు. చోటు కదలినచో చరిత్రకు నోరు పడిపోవును.

మా పాఠకులలో భూవసతి గలవారు అనేకులున్నారు. వారికి మా మనవి యొక్కటే. తమ చేనిలో రాళ్లవలయము గాని, పలకలగూడు గాని, నిలువురాయి గాని యున్నచో, దాని చుట్టు నాలుగు బారల నేలను దున్నక విడువుడు. గ్రామకరణీకపు లెక్కలలో చేను హద్దులు వ్రాసికొన్నట్లే, దాని కొలతలను, యెత్తును, దిక్కును ఒక కాగితముపై వ్రాసి, పురావస్తుశాఖవారికి తెలియజేయుడు. పల్లెలోని ఉపాధ్యాయుడు పిల్లలను ఒకదినము అచ్చటికి తీసికొనిపోయి చూపుగాక. ఇందులకు పెద్ద ధనము వలదు. పదునైదేండ్లకే చదువు మాని, పరదేశమునుండి వచ్చి, గురువులేక నేర్చి, తీరికవేళలలో ఒక్కడు ఇంత పని చేసెను. ఆయన తప్పుగా చదివిన పుటను సరిగా చదువుటకు మనకు భాష గలదు, శాస్త్రము గలదు, నేల మనదే. ఇన్ని యుండియు ఆ పుటను చింపివేసినచో, మన పూర్వులను పరులకు కట్టబెట్టిన టైలరును నిందించుటకు మనకేమి అధికారముండును?